ప్రాంప్టరు పెన్సిలు: మార్చి ఆడిన పాత నాటకంలో రాజకీయం కనిపెట్టడం ఎలా

విజయనగరంలో ఒక ఔత్సాహిక నాటక సమాజానికి 26 ఏళ్లు ప్రాంప్టింగ్ చెప్పాను, అంటే నటులు మాటలు మరిచిపోతే తెర వెనుక నుంచి అందించాను. పగలు బ్యాంకు ఉద్యోగం, సాయంత్రం ఆరున్నర దాటాక రిహార్సల్. నేనెప్పుడూ వేషం కట్టలేదు. పక్కతెర వెనుక చిన్న బల్బు కింద నాటకం రాతప్రతి పట్టుకుని కూర్చునేవాణ్ణి. నటుడికి తన మాటలు గుర్తుంటాయి. దర్శకుడికి తన మనసులోని బొమ్మ గుర్తుంటుంది. ప్రాంప్టరుకు కొట్టేసిన మాటలు కూడా గుర్తుంటాయి. అతని ప్రతిలో అవి గీత కింద ఇంకా కనిపిస్తూనే ఉంటాయి మరి.

మా మేనకోడలు హైదరాబాద్‌లో థియేటర్ ఆర్ట్స్ చదువుతోంది. ఒకరోజు ఫోన్ చేసి, "మామయ్యా, పాత నాటకాలను మార్చి ఆడటం వెనుక రాజకీయ ఉద్దేశాల మీద పేపరు రాయాలి. పుస్తకాల నిండా సిద్ధాంతమే ఉంది. ఒక ప్రదర్శన చూసి ఆ ఉద్దేశాన్ని ఎలా పట్టుకోవాలో మాత్రం ఎక్కడా లేదు. టెన్షన్‌గా ఉంది" అంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరం నెల రోజులు కూర్చున్నాం. అప్పుడు చేసిన పనిని చేసిన వరసలోనే రాస్తున్నాను. నాటకం మీద పేపరు రాసే విద్యార్థికీ, పరిషత్తు పోటీల్లో న్యాయనిర్ణేతగా కూర్చునేవారికీ, ఊరికే నాటకం చూసి ఇంటికొచ్చి ఆలోచించేవారికీ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

ముందు రెండు ప్రతులు సంపాదించండి. ఒకటి మూలం, రెండోది వేదిక మీద ఆడిన ప్రతి. మూడు పెన్సిళ్లు దగ్గర పెట్టుకోండి. మూలంలో ఉండి ప్రదర్శనలో లేని మాట కింద ఎర్ర గీత. కొత్తగా చేర్చిన మాట కింద నీలం గీత. మాట అలాగే ఉండి, పలికే మనిషో సందర్భమో మారితే నల్ల గీత. ఆడిన ప్రతి దొరక్కపోతే ప్రదర్శన రెండుసార్లు చూడండి. మొదటిసారి చేతిలో కాగితం లేకుండా, మామూలు ప్రేక్షకుడిలా చూడాలి. రెండోసారి మూలం ఒళ్లో పెట్టుకుని చూడాలి. మొదటిసారే నోట్సు రాసుకుంటూ కూర్చుంటే జనం ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఊపిరి బిగబట్టారో తెలియదు. అది తెలియకపోతే ముందు ముందు చెప్పబోయే పని సగం పోతుంది.

మూలం అన్నప్పుడు ఏ కూర్పు అన్నది చూసుకోవాలి. మా మేనకోడలు మొదట్లోనే ఇక్కడ పొరపాటు చేయబోయింది. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు, 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి, మార్పులు చేసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనం ఇవాళ చదివే మధురవాణి ఆ రెండో కూర్పులో ఎదిగిన మనిషి. 1897 ప్రతి పక్కన పెట్టుకుని ఇప్పటి ప్రదర్శన చూస్తే, గురజాడ తానే చేసిన మార్పును ఎవరో దర్శకుడి రాజకీయం అని రాసేస్తాం.

గీతలు పూర్తయ్యాక వెంటనే అర్థాలు వెతక్కండి. ముందు ప్రతి మార్పునూ అవసరం దృష్టితో చూడాలి. నాటకాలు ఆడినవాళ్లకు తెలుసు, సగం కత్తిరింపులకు కారణం బస్సు చార్జీలే. కన్యాశుల్కం మొత్తం ఆడాలంటే చాలా గంటలు పడుతుంది. మేం ఆడింది మూడు గంటల ప్రతి. ఆడవేషాలకు ఆర్టిస్టులను బయటి నుంచి పిలిపించాలి, పారితోషికం ఇవ్వాలి, బస ఏర్పాటు చేయాలి. ఒక ఏడాది ముగ్గురికి మించి పిలవలేక మీనాక్షి రంగాలు దాదాపు అన్నీ తీసేశాం. అది డబ్బు వల్ల వచ్చిన ఎర్ర గీత. దాన్ని రాజకీయం అనడం అన్యాయం. అయితే లుబ్ధావధాన్లు ఇంట్లో ఉన్న విధవ కూతురు కథలోంచి మాయమైపోయిందన్న నిజం మాత్రం మిగులుతుంది. కారణాన్నీ ఫలితాన్నీ వేర్వేరు గడుల్లో రాసుకోండి.

అవసరం అని చెప్పిన కారణం నిజమో కాదో పరీక్షించడానికి ఒక దారి ఉంది. గడియారం పట్టుకోండి. సమయం లేక కొట్టేశామంటే, అలా మిగిల్చిన నిమిషాలు ఎవరికి ఇచ్చారో లెక్క చూడండి. మా మూడు గంటల ప్రతిలో, చిన్న కూతుర్ని ముసలివాడికి ఇస్తున్నారని వెంకమ్మ నూతిలో దూకే ఘట్టాన్ని సమయం లేదని ఒక్క వాక్యంలో చెప్పించేశాం. అదే ప్రతిలో మధురవాణికి ఏడు నిమిషాల నాట్యం పెట్టాం. మూలంలో ఆ నాట్యం లేదు. అప్పుడు నేనేమీ అనలేదు. ఇప్పుడు ఆ పేజీలు చూస్తే మనసు చివుక్కుమంటుంది. సమయం ఉంది. ఎవరి బాధకు ఇవ్వాలన్నదే మేం నిర్ణయించుకున్నాం.

గురజాడ ఈ నాటకం ఎందుకు రాశారో 1897 ముందుమాటలో తానే ఇంగ్లీషులో చెప్పారు. సంఘ సంస్కరణ ఒక ఉద్దేశం. తెలుగు నాటకానికి పనికిరాదన్న అపోహను పోగొట్టడం ఇంకో ఉద్దేశం. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితాను విజయనగరం మహారాజా ఆనంద గజపతి తయారు చేయించారనీ, పూర్తిగా సేకరించకముందే లెక్క 1034కు చేరిందనీ అందులో ఉంది. ఆ పెళ్లికూతుళ్లలో 99 మంది అయిదేళ్ల పిల్లలు. ముగ్గురికి ఏడాది వయసు. ఈ లెక్క చదివిన తర్వాత వెంకమ్మ నూతి దగ్గర పెట్టిన ఎర్ర గీత చిన్నదిగా కనిపించదు. అందుకే ముందుమాట దొరికితే వదలకండి. రచయిత ఏ దెబ్బ కొట్టాలని చూశాడో తెలిస్తే, కొత్త ప్రతి ఆ దెబ్బను బలపరిచిందో మెత్తబరిచిందో తేల్చవచ్చు.

మా అనుభవంలోనే రాజకీయమైన ఎర్ర గీత కూడా ఒకటి ఉంది. గిరీశం బండివాడికి రెండు గంటలసేపు నేషనల్ కాంగ్రెస్ గురించి లెక్చరిస్తాడు. అంతా విని బండివాడు అడిగేది ఒక్కటే, మా ఊరి హెడ్డు కనిస్టీబుని కాంగ్రెస్సు వాళ్లు ఎప్పుడు బదిలీ చేస్తారని. అభిప్రాయాలు అప్పుడప్పుడు మారుస్తుంటే గానీ పొలిటీషియన్ కాలేడని కూడా గిరీశం ఒకచోట వెంకటేశానికి బోధిస్తాడు. ఒక ఊళ్లో, ఎన్నికల రోజుల్లో, మమ్మల్ని పిలిచిన ఉత్సవం నిర్వాహకులు రిహార్సల్ చూసి ఈ రెండు చోట్లూ తీసేయమన్నారు. హాలూ వాళ్లదే, దారి ఖర్చులూ వాళ్లవే. తీసేశాం. ప్రేక్షకుల్లో ఎవరికీ తెలియలేదు. రెండూ కలిపి ఒక్క నిమిషం ఉండవు. కానీ ఆ నిమిషం పోయాక గిరీశం చుట్ట కాల్చే చిలిపివాడిగా మిగిలాడు. సంస్కరణనూ దేశభక్తినీ మాటల వ్యాపారంగా చేసుకున్న మనిషి పోయాడు. నవ్వు తగ్గలేదు, నవ్వే విషయం మారిపోయింది. పెద్ద నినాదం చేరిస్తే అందరికీ కనబడుతుంది. చిన్న మాట తీసేస్తే మూలం చదివినవాడికే కనబడుతుంది. నేను ఎర్ర పెన్సిలును ముందు చెక్కుకోమనేది అందుకే.

మేనకోడలు పేపరుకు తీసుకున్నది గ్రీకు నాటకం 'ఆంటిగనీ'. ఇది నేర్చుకోవడానికి చాలా మంచి నాటకం. ఒకే కథను వేర్వేరు దేశాల్లో, వేర్వేరు ప్రభుత్వాల కింద మార్చి ఆడారు కాబట్టి పక్కపక్కన పెట్టి చూడవచ్చు. సోఫోక్లిస్ దీన్ని క్రీస్తుపూర్వం 441 ప్రాంతంలో ఏథెన్స్‌లో రాశాడు. కథ చిన్నది. థీబ్స్ నగరం కోసం అన్నదమ్ములిద్దరు పోరాడి ఒకరినొకరు చంపుకుంటారు. గద్దెనెక్కిన మేనమామ క్రియోన్, ఒకడికి రాజ లాంఛనాలతో అంత్యక్రియలు చేసి, నగరం మీదికి దండెత్తి వచ్చిన పాలినైసిస్ శవాన్ని కుక్కలకూ గద్దలకూ వదిలేయమని ఆజ్ఞ ఇస్తాడు. చెల్లెలు ఆంటిగనీ ఆ ఆజ్ఞను లెక్క చేయకుండా అన్న మీద మట్టి పోస్తుంది. ఆమెను గుహలో పెట్టి మూసేయమంటాడు క్రియోన్. గుడ్డివాడైన ప్రవక్త టైరీసియస్ వచ్చి దేవతలు ఆగ్రహించారని హెచ్చరిస్తాడు. క్రియోన్ మనసు మార్చుకునేసరికి ఆలస్యమైపోతుంది. ఆంటిగనీ ఉరిపోసుకుంటుంది. ఆమెను పెళ్లాడవలసిన క్రియోన్ కొడుకు హీమన్ పొడుచుకుని చస్తాడు. ఆ వార్త విని రాణి కూడా ప్రాణం తీసుకుంటుంది.

మొదట జాన్ అనుయ్ ఫ్రెంచి ప్రతి తీసుకున్నాం. 1944 ఫిబ్రవరిలో పారిస్‌లోని అతెలియే థియేటర్‌లో మొదలైంది. అప్పటికి పారిస్ జర్మనీ సైన్యం చేతిలో ఉంది. నాటకం ఆడాలంటే జర్మన్ సెన్సారు ఒప్పుకోవాలి. ఒప్పుకుంది. మా మేనకోడలికి ఇదే పెద్ద చిక్కుముడి అయింది. రాజాజ్ఞను ధిక్కరించే పిల్ల కథను ఆక్రమణలో ఉన్న ఊళ్లో ఎలా ఆడనిచ్చారు? నేను పెన్సిలు చేతికిచ్చాను.

ఎర్ర గీతల్లో అన్నిటికన్నా పెద్దది టైరీసియస్ మీద పడింది. ఆ పాత్రే లేదు. మనుషులు చాలక తీసేశారా అని చూశాం. అనుయ్ కొత్తగా ఒక దాదిని చేర్చాడు, క్రియోన్ పక్కన ఒక కుర్రాణ్ణి పెట్టాడు. అంటే మనుషుల కొరత లేదు. మూలంలో క్రియోన్‌ది తప్పని బయటి నుంచి, దేవతల తరఫున చెప్పే గొంతు టైరీసియస్. అతను పోగానే క్రియోన్‌కీ ఆంటిగనీకీ మధ్య తీర్పు చెప్పేవాడు వేదిక మీద మిగల్లేదు.

తర్వాత నీలం గీతలు. క్రియోన్, ఆంటిగనీ వాదించుకునే రంగం చాలా పెరిగింది. పెరిగిన భాగంలో ఎక్కువ వాదన క్రియోన్‌దే. పడవలోకి నీళ్లొస్తున్నప్పుడు ఎవరో ఒకరు చుక్కాని పట్టాలి కదా, నేను పట్టాను అంటాడు. నీ అన్నలిద్దరూ పనికిమాలినవాళ్లే, శవాలు గుర్తుపట్టలేనంతగా నలిగిపోయాయి, కాస్త బాగున్న శవాన్ని తీసి లాంఛనాలు చేయించాను, అది ఎవరిదో నాకే తెలియదు అంటాడు. ఆంటిగనీ దేనికోసం చనిపోతోందో ఆ కారణం మీదే దెబ్బ కొట్టాడు. చివరికి ఆమె కాపలావాడి చేత హీమన్‌కు ఉత్తరం రాయిస్తూ, ఎందుకు చనిపోతున్నానో ఇక నాకు తెలియడం లేదు అంటుంది. మూలంలో క్రియోన్ కుప్పకూలి ఏడుస్తాడు. ఇక్కడ భార్యా కొడుకూ పోయిన తర్వాత, అయిదు గంటలకు మీటింగ్ ఉందని లేచి వెళతాడు.

ఇవన్నీ కలిపి చూస్తే సెన్సారు ఎందుకు ఒప్పుకుందో కొంత అర్థమవుతుంది. పాలకుడికి చాలా మంచి వాదన దొరికింది. కానీ హాల్లో కూర్చున్న పారిస్ జనం సంగతి వేరు. ఆ పిల్ల 'కాదు' అన్నప్పుడు చాలామందికి తమ మాటే వినిపించింది. ఆక్రమణను ఎదిరించినవాళ్లలోనే కొందరు ఈ నాటకాన్ని తప్పుబట్టారు, కొందరు గుండెకు హత్తుకున్నారు. ఇలాంటిచోట ఒకే తీర్పు రాయాలని తొందరపడకూడదు. రెండు వైపులా తెరిచి ఉంచిన ప్రతి సెన్సారును దాటగలదు. ఆ తెరిచి ఉంచడమే అక్కడి రాజకీయం. మేనకోడలు పేపరులో ఇది రెండు పేజీలు రాసింది. నాకు బాగా నచ్చిన భాగం అదే.

నాలుగేళ్ల తర్వాత, 1948 ఫిబ్రవరిలో, స్విట్జర్లాండ్‌లోని కూర్ అనే చిన్న పట్టణంలో జర్మన్ నాటక రచయిత బ్రెహ్ట్ తన ఆంటిగనీని ఆడించాడు. అమెరికా ప్రవాసం నుంచి యూరప్‌కు తిరిగొచ్చి కొన్ని నెలలే అయింది. భార్య హెలెన వైగెల్ ఆంటిగనీ వేసింది. ఈ ప్రతిలో గీతలు పెట్టడం తేలిక, ఎందుకంటే బ్రెహ్ట్ ఏమీ దాచుకోలేదు. మొదట్లోనే నీలం గీత. 1945 ఏప్రిల్, బెర్లిన్. బాంబుల షెల్టరు నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లు ఇంటికొస్తారు. సైన్యం వదిలి వచ్చిన వాళ్ల అన్నను బయట ఉరితీశారు. వెళ్లి శవాన్ని దించాలా వద్దా? అక్కణ్ణుంచి నాటకం థీబ్స్‌లోకి వెళుతుంది. అక్కడ యుద్ధానికి కారణం గద్దె తగాదా అని మూలంలో ఉంటే, ఇక్కడ ఆర్గోస్ అనే నగరం గనుల్లోని ఖనిజం. నల్ల గీత ఇంకా ముఖ్యం. పాలినైసిస్ మరణం మూలంలోనూ ఉంది, ఇక్కడా ఉంది. మూలంలో అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకున్నారు. ఇక్కడ అన్న చావు చూసి యుద్ధం నుంచి పారిపోతున్న పాలినైసిస్‌ను క్రియోనే చంపాడు. శాపమూ విధీ పోయి, చంపినవాడి పేరు వచ్చింది. నగర పెద్దలు కూడా మూలంలోలా భయపడి తలూపే ముసలివాళ్లు కారు. యుద్ధంలో వాళ్లకూ వాటా ఉంది. పన్నెండేళ్లు నాజీల పాలనలో నోరు మెదపకుండా బతికిన జర్మన్లు, ఇదంతా మా తలరాత అని తప్పించుకోకుండా చేయాలన్న పట్టుదల ఆ మార్పుల్లో ఉంది. దీన్ని కనిపెట్టడానికి బ్రెహ్ట్ రాసిన సిద్ధాంతాలు చదవనక్కర్లేదు. 'విధి' అన్న మాట ఎక్కడెక్కడ పోయిందో, ఆ చోట ఏ మాట వచ్చిందో చూస్తే చాలు.

మూడోది దక్షిణాఫ్రికా. 1973లో కేప్‌టౌన్‌లో ఆథల్ ఫ్యూగార్డ్, జాన్ కానీ, విన్‌స్టన్ న్చోనా కలిసి తయారు చేసిన నాటకం. తర్వాత 'ది ఐలాండ్' అన్న పేరుతో ప్రపంచమంతా తిరిగింది. మొదటి ప్రదర్శనకు ఆ పేరు పెట్టలేదు. రాజకీయ ఖైదీలను ఉంచిన రాబెన్ ద్వీపం జైలు గురించి మాట్లాడటమే నేరమైన దేశం అది. ఇద్దరే నటులు, ఇద్దరు ఖైదీలు, పాత్రలకు నటుల సొంత పేర్లే. జైల్లో జరిగే కచేరీ కోసం ఆంటిగనీ విచారణ రంగం ప్రాక్టీసు చేస్తుంటారు. ఆడవేషం వేయనని మొరాయించిన ఖైదీ చివరికి ఆ వేషంలోనే నిలబడి, విగ్గు తీసిపారేసి తన గొంతుతో మాట్లాడతాడు. ఇక్కడ ఎర్ర గీతలు లెక్కపెట్టడం దండగ, మూలం దాదాపు అంతా పోయింది. ఏది మిగిల్చారన్నదే ప్రశ్న. విచారణ ఒక్కటే మిగిల్చారు. చట్టం న్యాయం కానప్పుడు మనిషి ఏం చేయాలన్న ప్రశ్న ఆ రంగంలోనే ఉంది. ఇద్దరు నటులే ఉండటం అవసరమూ అయింది, అర్థమూ అయింది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రానక్కర్లేదని మేనకోడలికి ఈ నాటకంతోనే బోధపడింది.

ఆ జైల్లో నిజంగానే ఖైదీలు ఆంటిగనీ ఆడారు. నెల్సన్ మండేలా క్రియోన్ వేషం వేశానని ఆత్మకథలో రాసుకున్నారు. ఈ విషయం చదివి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. అలాంటి చోట మాటలేమీ మార్చనక్కర్లేదు. జీవిత ఖైదు పడ్డ మనిషి రాజుగా నిలబడి ఆజ్ఞ చదివితే అదే నాటకం వేరే అర్థం ఇస్తుంది. కాబట్టి నల్ల గీత కాగితం మీదే ఉండాలని లేదు. ఏ వేషం ఎవరికిచ్చారు, వాళ్లు బయట ఎవరు, ఇది కూడా రాసుకోండి.

అనువాదాల్లో ఇంకా సన్నగా చూడాలి. 2004లో డబ్లిన్ ఆబీ థియేటర్ నూరేళ్ల పండుగకు ఐర్లండ్ కవి షేమస్ హీనీ ఇదే నాటకాన్ని కొత్తగా రాశాడు. కథలో మార్పు లేదు. కానీ క్రియోన్ మాటల్లో దేశభక్తుడు, దేశద్రోహి అన్న విభజన ఆనాటి వార్తల్లా వినిపిస్తుంది. ఇరాక్ యుద్ధ కాలపు బుష్ ధోరణి తన మనసులో ఉందని హీనీ స్వయంగా చెప్పాడు. రచయితే చెప్పినప్పుడు ఉద్దేశం అన్న మాట ధైర్యంగా వాడవచ్చు. చెప్పనప్పుడు 'ఈ మార్పు వల్ల నాటకం ఇటు మొగ్గింది' అని రాయండి. 'దర్శకుడు కావాలనే ఇలా చేశాడు' అని రాయకండి.

పెన్సిలు పని అయ్యాక క్యాలెండరు పని. ఒక తెల్లకాగితం మీద ప్రదర్శన తేదీ, ఊరు, అప్పటి ప్రభుత్వం, అనుమతి ఇచ్చినవారు, డబ్బు పెట్టినవారు, టికెట్టు కొన్నవారు ఎలాంటివారు, ఇవి రాయండి. దానికి ఆరు నెలల ముందూ ఆరు నెలల తర్వాతా ఏం జరిగిందో చేర్చండి. కొన్ని గీతల అర్థం ఈ కాగితం పక్కన పెట్టుకుంటేనే తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో నేహమ్ టేట్ 1681లో షేక్స్పియర్ 'కింగ్ లియర్' ముగింపు మార్చి, రాజు కూతురు కార్డీలియాను బతికించాడు, రాజును తిరిగి గద్దెనెక్కించాడు. వట్టి సుఖాంతం అనుకుంటాం. రాజు తర్వాత గద్దె ఎవరిదన్న గొడవతో ఆ దేశం అట్టుడుకుతున్న రోజులవి అని తెలిశాక, ఆ గద్దె ఎక్కించడం వేరుగా కనిపిస్తుంది. ఆ తర్వాత నూట యాభై ఏళ్ల వరకు జనం చూసిన లియర్ అదే.

పాలకులు కూడా పాత నాటకాన్ని వాడుకుంటారు, ఇది మరిచిపోకూడదు. నాజీ జర్మనీలో షేక్స్పియర్ 'వెనిస్ వర్తకుడు' ఆడారు. అందులో యూదుడైన షైలాక్ కూతురు జెస్సికా క్రైస్తవుణ్ణి పెళ్లి చేసుకోవడం, యూదులూ జర్మన్లూ పెళ్లాడకూడదన్న 1935 చట్టాల ప్రకారం నాజీలకు ఒప్పుకోలు కాని సంగతి. అందుకని ఒక ప్రతిలో ఆమెను షైలాక్ సొంత కూతురు కాకుండా పెంపుడు కూతుర్ని చేశారు. వరస మార్చే ఒక్క మాట. చుట్టరికం, కులం, మతం, ఊరు, వృత్తి చెప్పే మాటల దగ్గర పెన్సిలు నెమ్మదిగా నడపండి. అక్కడ పడే చిన్న గీత వెనుక ఆనాటి చట్టం మొత్తం ఉండవచ్చు.

ఇక గీతల్లో ఏమీ దొరకని ప్రదర్శన ఎదురైతే? అలాంటప్పుడు మొదటిసారి చూసినప్పటి జ్ఞాపకం పనికొస్తుంది. పోలండ్ మహాకవి మిత్స్కియెవిచ్ రాసిన 'జాదీ' అనే నాటకాన్ని దర్శకుడు కాజిమియెష్ దేయ్‌మెక్ 1967 నవంబరులో వార్సా నేషనల్ థియేటర్‌లో ఆడించాడు. అక్టోబరు విప్లవానికి 50 ఏళ్లయిన సందర్భంగా పెట్టిన ప్రదర్శన అది. పాత రష్యా జారు చక్రవర్తి అణచివేత మీద రాసిన కవిత్వం కాబట్టి కమ్యూనిస్టు ప్రభుత్వానికి అభ్యంతరం ఉండకూడదు. కానీ జారు అధికారుల మీద విసిరిన ప్రతి మాటకూ హాలు చప్పట్లతో దద్దరిల్లింది. జనం వింటున్నది వాళ్ల కాలపు మాస్కో గురించి. ప్రభుత్వం నాటకాన్ని ఆపించింది. 1968 జనవరి 30న చివరి ప్రదర్శన అయ్యాక ప్రేక్షకులు నేరుగా కవి విగ్రహం దగ్గరికి ఊరేగింపుగా వెళ్లారు. మార్చిలో విద్యార్థుల ఆందోళన దేశమంతా పాకింది. అందుకే నోట్సులో చప్పట్లకూ నిశ్శబ్దానికీ ఒక గడి ఉంచమంటాను. ఏ మాటకు, ఎంతసేపు, ముందు వరసలా వెనుక వరసలా, ఇవన్నీ ఆ గడిలోకి వస్తాయి. వెనుక వరసలు నవ్వి ముందు వరసలు నవ్వకపోతే అది చాలా పెద్ద ఆధారం.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. నటులు ఊరూరా ఆడుతూ సొంతంగా చేర్చే మాటలు ఏ ప్రతిలోనూ ఉండవు. కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి'ని వేశ్యాలోలత్వానికి వ్యతిరేకంగా రాశారు. దశాబ్దాలు ఆడేసరికి సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ హాస్యం పెరిగిపోయింది. తమ కులాన్ని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. రచయిత రాసిందెంత, వేదిక మీద చేరిందెంత అన్న ప్రశ్న ఆ గొడవంతటా నలిగింది. కాబట్టి నీలం గీత పెట్టేటప్పుడు పక్కన ర అనో, ద అనో, న అనో రాయండి. రచయిత, దర్శకుడు, నటుడు. తెలియకపోతే ఖాళీగా ఉంచండి. ఊహించి నింపితే ఎవరో ఒకరికి చేయని తప్పు అంటగట్టినట్టవుతుంది.

పేపరు రాసేటప్పుడు ఒక్కో మార్పుకు మూడు వాక్యాలు చాలు. ఏం మారింది. అవసరం వల్ల మారిందేమో చూస్తే ఏం తేలింది. తేదీ, అనుమతి, డబ్బు, చప్పట్లు ఏం చెబుతున్నాయి. మూడో వాక్యానికి ఆధారం లేకపోతే రెండింటితో ఆపండి. మేనకోడలు మొదటి చిత్తుప్రతిలో 40 మార్పులు రాసి అన్నిటికీ రాజకీయం అంటగట్టింది. చివరికి 11 మిగిలాయి. వాటిని ఎవరు ప్రశ్నించినా నిలబడి జవాబు చెప్పగలిగింది.

వెళ్లేముందు రోజు రాత్రి నా కన్యాశుల్కం ప్రతి తిరగేస్తూ బండివాడి దగ్గర ఆగింది. "ఈ గీత మీరే పెట్టారా మామయ్యా? ఎందుకు పెట్టారు?" అని అడిగింది. నేనే పెట్టానని చెప్పాను. హాలు పోతుందన్న భయంతో పెట్టానని చెప్పాను. ఏ సంవత్సరమో, తీసేయమన్నది ఎవరో, దర్శకుడు ఏం జవాబిచ్చాడో అడిగింది. సంవత్సరం గట్టిగా చెప్పలేకపోయాను. ఆ మాట చెబుతుంటే బాధేసింది. ఆ రాత్రి నాకు గుర్తున్నంత వరకు పేజీ అంచున రాసి సంతకం పెట్టాను. మీ సమాజంలో ప్రతి మీ చేతిలో ఉంటే, గీత పెట్టిన రోజే దాని పక్కన తేదీ వేయండి. తీసేయమన్నది ఎవరో, ఏ కారణం చెప్పారో రెండు ముక్కల్లో రాయండి. పెన్సిలుతో రాస్తే చెరిగిపోతుంది, దానికి మాత్రం పెన్ను వాడండి.